ఆ కార్డు మీద నా పేరొక్కటే ఉంది

2024 వేసవిలో ఒకరోజు పోస్టులో చిన్న కార్డు వచ్చింది. మేరీలాండ్‌లో మేముండే మాంట్‌గోమరీ కౌంటీ ఎన్నికల బోర్డు పంపిన ఓటరు కార్డు. నా పేరు, ఇంటి అడ్రసు, నేను ఓటు వెయ్యాల్సిన చోటు. అంతే. చూడ్డానికి మామూలు కాగితమే. అయినా వంటింట్లో కౌంటర్ మీద పెట్టుకుని, పప్పు కుక్కర్ మూడు కూతలు కూసేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మీలో చాలామందికి ఎందుకో చెప్పక్కర్లేదు. 2006లో ఇక్కడికి వచ్చినప్పుడు నేను హెచ్-4. వీసా కాగితాల్లో డిపెండెంట్‌ని. అద్దె ఇంటి అగ్రిమెంట్లో రెండో పేరు నాది. ఇన్సూరెన్సు కార్డు మీద మావారి పేరు ముందు, నాది కింద. ఈ ఓటరు కార్డు మీద మాత్రం ఇంకెవరి పేరూ లేదు.

ఇది పద్ధెనిమిదేళ్ళకి వచ్చింది. అంతకుముందే, రాకూడని సమయంలో, రాబోయింది. ఆ సంగతి మీకు చెప్పి తీరాలి.

2008లో డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్ళాను. అప్పుడు వేరే రాష్ట్రంలో ఉండేవాళ్ళం. చంకలో మూణ్నెల్ల పాప. కౌంటర్లో ఆవిడ అన్నీ గబగబా అడుగుతూ, "ఓటరుగా రిజిస్టర్ చేసుకుంటారా?" అంది. అదీ లైసెన్సులో భాగమే అనుకుని "ఊఁ" అనేశాను. కాగితం చేతికిచ్చింది. పైనే ఒక గడి: మీరు అమెరికా పౌరులా? పెన్ను అక్కడ ఆగింది. కాదని చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా కాగితం వెనక్కి తీసుకుంది. అదెంత పెద్ద గండమో నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలీలేదు.

లైసెన్సు ఆఫీసులో ఓటరు నమోదు జరగాలని 1993లో చట్టం చేశారు. అందుకే కౌంటర్లో వాళ్ళు అడుగుతారు. అడిగినంత మాత్రాన మనకి అర్హత ఉన్నట్టు కాదు. 1996 చట్టం ప్రకారం పౌరులు కానివాళ్ళు ఫెడరల్ ఎన్నికల్లో ఓటెయ్యడం నేరం. పౌరులమని అబద్ధంగా రాస్తే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, దేశం నుంచి పంపించేసే పరిస్థితి రావచ్చు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అనే ప్రశ్న ఉంటుంది. కాబట్టి హెచ్-4 అయినా, గ్రీన్‌కార్డు అయినా, ఆ గడి దగ్గర ఆగండి. ఎప్పుడో పొరపాటున టిక్కు పెట్టామేమో అని అనుమానం ఉంటే, ఎన్-400 పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

దీనికి మినహాయింపు మా కౌంటీలోనే ఒక చిన్న ఊళ్ళో ఉంది. టకోమా పార్కులో 1992 నుంచీ పౌరులు కానివాళ్ళు కూడా మేయరునీ, సిటీ కౌన్సిల్‌నీ ఎన్నుకోవచ్చు. వాళ్ళ జాబితా వేరు, సిటీ క్లర్క్ దగ్గర నమోదు చేసుకోవాలి. మీ ఊళ్ళో అలాంటి వీలున్నా, లాయర్‌ని ఒక మాట అడిగే ముందుకెళ్ళండి. భారత పాస్‌పోర్టు ఇంకా ఉంచుకున్నవాళ్ళు మన ఊళ్ళో ఫారం 6ఏ తో ఓవర్సీస్ ఓటరుగా చేరొచ్చు. కాకపోతే ఓటెయ్యడానికి స్వయంగా వెళ్ళాలి. ఓసీఐ ఉన్నవాళ్ళకి అక్కడ ఓటు లేదు.

2024 వసంతంలో బాల్టిమోర్‌లో ప్రమాణం చేశాను. చేతిలో చిన్న జెండా, కళ్ళలో నీళ్ళు. భారత పాస్‌పోర్టు వదులుకుంటున్నానన్న బాధ కూడా అందులో ఉంది. ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నాను. పది నిమిషాల పని. ఒక్క జాగ్రత్త: లైసెన్సు నంబరుతోనో, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలతోనో వివరాలు సరిచూస్తారు. మనలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండేవాళ్ళు ఎంతమందో! ముందు ఆ పేర్లన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. మేరీలాండ్‌లో గడువు ఎన్నికలకి 21 రోజుల ముందు. అది దాటిపోయినా, అడ్రసు రుజువుతో పోలింగు రోజే వెళ్ళి నమోదు చేసుకోవచ్చు. మీ రాష్ట్రం లెక్క వేరుగా ఉండొచ్చు, కనుక్కోండి.

"ప్రెసిడెంటుకేగా ఓటు, మన ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అని మా స్నేహితురాలు అంది. బ్యాలెట్ కింది దాకా చదవమన్నాను. అక్కడ స్కూలు బోర్డు ఉంటుంది. మా కౌంటీ స్కూళ్ళ బడ్జెట్ ఏడాదికి 300 కోట్ల డాలర్ల పైనే. పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో, సెలవులు ఎప్పుడో తేల్చేది ఆ బోర్డే. ఇన్నేళ్ళూ డబ్బాలు సర్ది పంపడం, పేరెంట్ మీటింగుల్లో వెనక వరసలో కూర్చోవడం నా వంతు. ఆ నవంబరులో మొదటిసారి ఆ పేర్ల పక్కన గుర్తు పెట్టాను. ఇంగ్లీషులో బ్యాలెట్ చదవడం ఇబ్బందైన పెద్దవాళ్ళకి కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో తెలుగు నమూనా బ్యాలెట్ కూడా ఉంటుంది.

ఆ రోజంతా అమ్మమ్మ గుర్తొచ్చింది. మన దేశంలో మొదటి ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పకుండా "ఫలానావారి భార్యని", "ఫలానావాడి తల్లిని" అన్నందుకు దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేశారు. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు. మా అమ్మమ్మ కూడా అలాగే అనబోయిందిట. జాబితా రాయడానికొచ్చిన మాస్టారు "నీ పేరు చెప్పమ్మా" అని మూడుసార్లు అడిగితే, తలుపు చాటు నుంచి చెప్పిందిట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా, పేరు చెప్పే చోట మాత్రం గొంతు పెంచేది.

మా అమ్మాయికి అప్పుడు పదహారు. మేరీలాండ్‌లో పదహారేళ్ళకే ముందుగా నమోదు చేసుకోవచ్చు, పద్ధెనిమిది నిండాక ఓటు. ఆ ఆదివారం ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పౌరురాలివా అన్న గడి దగ్గర అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. టిక్కు పెట్టేసి, "నెక్స్ట్ ఏంటమ్మా?" అంది.