కాంతి పట్టకారులో పరమాణువు

కంసాలి సన్నని పూసను పట్టకారుతో పట్టుకొంటాడు. మరి పరమాణువును పట్టుకొనే పట్టకారు ఏది? అది కాంతియే. కాంతితో పట్టి నిలిపిన పరమాణువులచేతనే లెక్కలు చేయించే యంత్రాన్ని నిర్మించాలని నేటి భౌతిక శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు.

మామూలు కంప్యూటర్‌లో బిట్ సున్న గాని, ఒకటి గాని అయి ఉంటుంది. క్వాంటమ్ కంప్యూటర్‌లోని క్యూబిట్ ఆ రెండు స్థితుల మేళనంలో ఉండగలదు. కొలిచినపుడు మాత్రం ఏదో ఒకటిగానే తేలుతుంది. రుబీడియం పరమాణువు ఇందుకు అనువైనది. దాని కనిష్ఠ శక్తి స్థితిలో అతి దగ్గరగా ఉన్న రెండు స్థాయులను సున్నగా, ఒకటిగా తీసుకొంటారు. మనిషి చేసిన పరికరాలలో తేడాలుంటాయి. ఒకే ఐసోటోపు పరమాణువులన్నీ ఒక్కతీరుగా ఉండుట ప్రకృతి ఇచ్చిన వరం.

గది ఉష్ణోగ్రత వద్ద ఇవి సెకనుకు దాదాపు 300 మీటర్ల వేగంతో పరుగెడుతాయి. ఆరు దిక్కుల నుండి లేజర్ కిరణాలు ప్రసరింపజేసి ఆ వేగాన్ని తగ్గిస్తారు. కిరణాల పౌనఃపున్యాన్ని పరమాణువు శోషించే పౌనఃపున్యం కంటె కొంచెం తక్కువగా ఉంచుతారు. డాప్లర్ ఫలితం వల్ల పరమాణువు తనకెదురుగా వచ్చే కిరణాన్నే ఎక్కువగా శోషించి వేగం కోల్పోతుంది. ఈ విధానానికి 1997లో స్టీవెన్ చూ, క్లోద్ కొహెన్-తనూజి, విలియం ఫిలిప్స్ నోబెల్ బహుమతి పొందారు. అలా చల్లబడిన పరమాణువును, సూదిమొన వలె కేంద్రీకరించిన మరొక లేజర్ కాంతి తన మధ్యకు లాగి నిలుపుతుంది. ఈ కాంతి పట్టకారును కనుగొన్న ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ లభించింది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. తటస్థ పరమాణువుకు విద్యుదావేశం లేదు గనుక పొరుగుదానితో దానికి సంబంధం స్వల్పం. జ్ఞాపకం చెదరకుండుటకు ఈ ఏకాంతం మేలు. లెక్కకు మాత్రం పరస్పర సంబంధం కావాలి. అందుచేత అవసరమైన క్షణంలో మాత్రమే లేజర్‌తో ఎలక్ట్రానును బహుదూరపు కక్ష్యకు, అనగా రిడ్‌బర్గ్ స్థితికి, పంపుతారు. అపుడా పరమాణువు, కొన్ని మైక్రోమీటర్ల దూరంలోని పొరుగుదానిని అదే స్థితికి చేరనీయదు. ఈ అడ్డగింపే రెండు క్యూబిట్ల తర్క ద్వారానికి ఆధారం.

అయినా పరమాణువు జారిపోవచ్చు, ప్రతి క్రియలో కొంత దోషం చేరవచ్చు. 2023లో హార్వర్డ్ శాస్త్రజ్ఞుల బృందం 280 వరకు పరమాణువులు గల యంత్రంలో, ఒక్కొక్క సమాచారాన్ని పలు పరమాణువులకు పంచి, 48 తార్కిక క్యూబిట్లతో గణన చేసి చూపింది. 2025లో కాల్‌టెక్ బృందం 6,100 సీజియం పరమాణువులను పట్టి నిలిపినట్లు ప్రకటించింది. కాని పట్టుట ఒక విద్య, పట్టినవాటిచేత తప్పులేని లెక్క చేయించుట మరొక విద్య. ఈ రెండవ విద్య ఇంకా సంపూర్ణం కాలేదు.

విద్యార్థి మిత్రులారా! డాప్లర్ ఫలితం, ఎలక్ట్రాను కక్ష్యలు మన పాఠ్యపుస్తకాలలోనివే. పరీక్షకని చదివి మరచిపోయే ఆ పాఠాలే ఈ యంత్రానికి పునాదిరాళ్లు.