నల్లరేగడికి నల్లబొగ్గు సాయము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలను చూచినవారు, ఇంత నల్లని నేలలో సారము మెండుగా నుండునని తలంతురు. కాని ఆ నలుపును నమ్మరాదు. అచట వాన తక్కువ, ఎండ ఎక్కువ. వేసిన పెంటయెరువు త్వరగా హరించిపోవును. కనుక నేలలో హ్యూమస్ తరచు నూటికి 1 వంతైనను నిలువదు.

హ్యూమస్ అనగా నేమి? మొక్కల అవశేషములను సూక్ష్మజీవులు చివికింపగా మిగులు నల్లని పదార్థము. అందలి హ్యూమికామ్లము ఇనుము, జింకు వంటి లోహములను పట్టి యుంచి వేళ్లకు అందించును.

ఈ ఆమ్లమే లిగ్నైటు అను నాసిరకపు బొగ్గులోను సమృద్ధిగా కలదు. తమిళనాడులోని నైవేలిలో త్రవ్వునది ఈ బొగ్గే. ఇదియు ఒకనాటి అడవియే గదా! దీనిని పొటాషియం హైడ్రాక్సైడు వంటి ఘాటైన క్షారముతో కరగించి హ్యూమికామ్లమును తీయుదురు.

సూక్ష్మజీవులును ఈ పని చేయగలవు. కొయ్యను కుళ్లజేయు శిలీంధ్రములను లిగ్నైటుపై పెంచగా అది నల్లని ద్రవముగా మారినదని 1982లో అమెరికాలో కోహెన్, గాబ్రియేలె అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శిలీంధ్రముల ఎంజైములు బొగ్గులోని పెద్ద అణువులను ఛేదించును. కొన్ని బాక్టీరియాలు క్షారపదార్థములను విడిచి వానిని కరగించును. ఘాటైన రసాయనములు అంతగా అక్కరలేదు. కాని పని నెమ్మది.

హ్యూమికామ్లము పెంటయెరువుకు బదులు కాదు, తోడు మాత్రమే. దాని ఫలితము నేలను బట్టి మారును.

విద్యార్థులారా! బాగుగా చివికిన ఎరువును ఒక గ్లాసులో మంచినీటను, మరొకదానిలో చాకలిసోడా నీటను నానవేసి, మరునాడు వడగట్టి చూడుడు. సోడానీరు ముదురు గోధుమరంగు దాల్చును. లిగ్నైటులో వెదకు పదార్థమే మన పెంటకుప్పలోను కలదని మీకే తెలియును.