కొండపైన ఊపిరి అందకపోతే...

దూరపు పరుగు సాధన చేసే పిల్లలకు మేము ముందుగా చెప్పే మాట ఒకటే: కొండ మీద తొలిరోజు ఆయాసం వస్తే అది చేతకానితనం కాదు.

మన అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ సుమారు 2,240 మీటర్లు. అక్కడ గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. గాలి ఒత్తిడి తగ్గడంతో ఊపిరితిత్తులకు అందేది తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాల నుండి వచ్చే ఒక హార్మోను ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. ఇందుకు కొన్ని వారాలు, శరీరంలో తగినంత ఇనుము కావాలి. అందుకే ప్రయాణానికి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉంటే ముందు చికిత్స, తరువాతే సాధన.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ 14 ఏళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అది ఒక్కసారిగా జరగలేదు. భువనగిరి బండపై మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో మెట్టుమెట్టుగా సాధన చేసింది.

కనుక మొదటి వారం నెమ్మదిగా పరుగెత్తండి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్ళవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా వెంటనే కిందికి దించి వైద్యునికి చూపించండి. పంతానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.