ఎన్ని బారల లోతు?

అంతర్వేది వెళ్లినవారు అన్నాచెల్లెళ్ల గట్టు చూడకుండా రారు. వశిష్ఠ గోదావరి సముద్రములో కలిసే చోటది. ఏటి నీరొక రంగు, సముద్రపు నీరొక రంగు. మేమూ ఆ రెండు రంగులు చూచి ఆనందించాము. అయితే పడవవారికి కావలసింది నీటి రంగు కాదు, అడుగున ఇసుక మేట ఎక్కడున్నదన్నదే. మొగలో మేట ఒకచోట నిలువదు. వరద వచ్చినా తుఫాను వచ్చినా జరిగిపోతుంది.

ఐరోపా ఓడలు వచ్చిన రోజులలోను ఇదే చిక్కు. 17వ శతాబ్దములో అవతలి ఒడ్డున, కొంచెము ఎగువన ఉన్న నరసాపురం ఓడలు కట్టే రేవు. ఆ చుట్టుపట్ల డచ్చివారు, ఆంగ్లేయులు వర్తకము సాగించారు. 18వ శతాబ్దపు చివర మైకేల్ టాపింగ్ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు ఈ తూర్పు తీరమును కొలిచి, 1796లో మచిలీపట్నంలో మరణించాడు.

లోతు ఎలా చూచేవారు? తాడుకు సీసపు గుండు కట్టి, దాని అడుగు గుంటలో కొవ్వు పెట్టి నీటిలో వదిలేవారు. తాడు మీది గుర్తులు లోతు చెప్పేవి. కొవ్వుకంటిన ఇసుకో, బురదో, గుల్లపెంకో అడుగు ఎటువంటిదో చెప్పేది. వారి కొలత ఆరడుగులు. చేతులు రెండూ చాచితే వచ్చే మన బార కూడ ఇంచుమించు అంతే. మన తెలుగు బైబిలులో ఆ గుండు పేరు బుడుదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో నావికులు మొదట ఇరువది బారలు, కొంతదూరము పోయాక పదునైదు బారలు చూచి, లంగరులు వేసి తెల్లవారుటకు కనిపెట్టుకొన్నారు.

పసిఫిక్ సముద్రములో కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్‌కు ఆ వ్యవధి దొరకలేదు. 1770 జూన్ 11 రాత్రి, ఆస్ట్రేలియా తీరమున, బుడుదు పదునేడు బారలు చూపింది. మరల వేసేలోగా ఓడ పగడపు దిబ్బ మీదికెక్కింది. ఫిరంగులను సముద్రములో పడవేసి, మరునాటి రాత్రికి గాని దానిని విడిపించలేకపోయారు. ఆ ఓడలోనే తాహితీ ప్రాంతపు తుపాయియా ఉన్నాడు. అతడు తన మనస్సులో ఉన్న దీవుల దిక్కులు చెప్పి వారికి పటము తయారుచేయించాడు. అంత గొప్ప నౌకాదళమునకు కూడ ఆ నీళ్లలో పుట్టి పెరిగినవాని తెలివి అవసరమైంది.

ప్రియులారా, నిన్నటి కొలత నేటికి చాలదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుఫానులో వేటకు పోయిన పడవలెన్నో తిరిగి రాలేదు. అందుచేత తుఫాను కబురు వినబడిన దినమున మన బిడ్డలను వేటకు పంపవద్దు. మొగ దాటే దారిని, ఏండ్ల తరబడి దాటిన పల్లెపాలెం పెద్దలనడిగి తెలిసికొందాము. ఆ దినము కూలి పోయినా, ప్రాణము ఇంటనుండును.