బంగాళాఖాతమున మంచినీటి మూత – మత్స్యసంపద

పూరీ సముద్రతీరమున పెంటకోట యను తెలుగు పల్లె యొకటి కలదు. అందు నివసించు వాడబలిజలు విశాఖపట్టణ, శ్రీకాకుళ ప్రాంతములనుండి తరలివెళ్లిన వారి సంతతి. ఒడియావారు వీరిని నోలియాలని పిలుతురు. దక్షిణమున గౌతమీ పాయ యొడ్డున యానాము కలదు. అక్కడి జాలరులును ఈ వాడబలిజలును నమ్ముకొన్నది ఒకే బంగాళాఖాతమును. ఆ సముద్రపు మత్స్యసంపదకు నదులే మూలమను నభిప్రాయము మనలో పలువురికి కలదు. అది సగము మాత్రమే నిజము. నది తెచ్చిన నీరే యొకచోట చేపను పిలుచును, మఱియొకచోట దాని మేతను అడ్డగించును. ఈ రెండవ సంగతి మనకంతగా తెలిసినది కాదు.

చేపల మేతకు మొదలు సముద్రపు పైపొరలో తేలియాడు సూక్ష్మములైన వృక్షప్లవకములు. వీనిని తిని జంతుప్లవకములును, ఈ ప్లవకములను తిని కవళ్లు, నెత్తళ్లును, వానిని తిని వంజరములును పెరుగును. వృక్షప్లవకములకు వెలుతురు కావలెను. నత్రితములు, భాస్వరితములు అను నెరువును కావలెను. చిక్కంతయు నిందే యున్నది: వెలుతురు పైన, ఎరువు అడుగున. చచ్చిన జీవుల కళేబరములు దిగువకు జారి, యచట క్రుళ్లి యెరువుగా మారుచుండును. ఆ యడుగునీరు పైకి వచ్చినగాని పైరు పండదు. అరేబియా సముద్రమున నైరృతి గాలి యీ పనిని చేయును. శీతకాలమున దాని యుత్తరభాగపు పైనీరు చల్లబడి, బరువెక్కి దిగుటచేత మఱల కలయిక జరుగును.

బంగాళాఖాతమున నట్లు కాదు. గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ యిందే కలియును. ఆవిరియగు నీటికంటె వానగా కురియు నీరు హెచ్చు. మంచినీరు తేలిక కనుక ఉప్పునీటిపై మూతవలె పఱచుకొనును. వర్షర్తువు ముగిసిన పిదప ఉత్తరభాగమున పైనీటి లవణత వేయింటికి 30 పాళ్లకు లోబడగా, దిగువ నీటిలో 34, 35 పాళ్లుండును. సాధారణమైన గాలి యీ మూతను చీల్చజాలదు. శీతకాలమున నింకొక వింత: పైనీరు దిగువ నీటికంటె చల్లనైనను, ఉప్పు తక్కువ యగుటచే మునుగదు. ఆశ్వయుజము దాటిన పిదప తీరప్రవాహము దక్షిణమునకు తిరిగి, ఉత్తరపు మంచినీటిని పూరీ, గోపాలపురముల మీదుగా ఆంధ్రతీరమునకు చేర్చును.

మూత తెరచుకొను వేళలును కలవు. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికను శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, వాల్తేరు విద్యార్థులతో కూడి, విశాఖ తీరమున వసంతకాలమున అడుగునీరు పైకి పొంగుటను, శరత్తులో పైనీరు దిగుటను పరిశోధించి చూపెను. వసంతమున గాలియు ప్రవాహమును తీరము వెంట ఈశాన్యముగా సాగును. భూభ్రమణము వలన పైనీరు కుడివైపునకు, అనగా తీరమునుండి దూరముగా తొలగును; ఆ లోటును అడుగునీరు పూరించును. తుపానులును మూతను చీల్చును. 1999 అక్టోబరులో ఒడిసా తీరమును ధ్వంసము చేసిన పెనుతుపాను పిమ్మట బంగాళాఖాతమున వృక్షప్లవకములు దట్టమగుట ఉపగ్రహ చిత్రములలో కనబడినది. పడవయు వలయు కోల్పోయిన వానికి ఆ పంట యేమి యక్కఱకు వచ్చును?

ఇక నది మేలుచేయు వైపు చూతము. సముద్రమున ఇలస యనబడు చేప, వరదనీరు తగిలినంతనే గ్రుడ్లు పెట్టుటకై గౌతమిలో ప్రవేశించి యెదురీదును. మంచినీటిలో కొంత దూరమీదిన పిదప పులస యగును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి దాని పైప్రయాణమునకు అడ్డు ఏర్పడినది. నది తెచ్చు సారముతోనే కోరంగి మడ అడవులలో రొయ్యపిల్లలు పెరుగును.

వాన ఏటేట ఒకే తీరుగా పడదు కనుక మూత మందమును మారుచుండును. పసిఫిక్ సముద్రమున పుట్టు ఎల్ నినో, హిందూ మహాసముద్రపు తూర్పు పడమటి భాగముల ఉష్ణభేదము మన వానను, గాలిని, ప్రవాహమును మార్చుచుండును. వీనికి తోడు 1951–2015 నడుమ ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు సుమారు ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినది. వేడినీరును తేలికయే, మూత మఱింత బిగియును. అయితే వల ఖాళీగా వచ్చినపుడెల్ల వాతావరణమునే నిందించుట తగదు. మరపడవల సంఖ్యయు, చిన్నకన్ను వలలును లెక్కకు రావలెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటను నిషేధించుట చేపలు పెరుగుటకు వ్యవధి నిచ్చుటకే.

1999లో హైదరాబాదున నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, సముద్రపు వేడిమిని, రంగును ఉపగ్రహములద్వారా చూచి, చేపలు చేరదగిన తావులను జాలరులకు తెలుపుచున్నది. వెదకుటకు పట్టు కాలమును, నూనె ఖర్చును దీనివలన తగ్గును. కాని రంగును చూచు ఆ కన్ను మబ్బును దాటి చూడజాలదు. ఆషాఢ శ్రావణములలో, గోదావరి యెఱ్ఱబడి యానామున వలలు పులసకై సిద్ధమగు వేళ, ఆ పటములలో సముద్రము చాలవఱకు ఖాళీగా నుండును.