సమావేశములకు ఆలుగడ్డ చీజు వంటకము

పదిమంది కూడిన చోట పెట్టు భోజనమునకు మూడు గుణములు ఉండవలయును. అది అందఱకును తినదగినదిగా ఉండవలెను. ఖర్చు మితముగా ఉండవలెను. తిన్నవారికి కీడు చేయనిదిగా ఉండవలెను. ఈ మూడవ గుణమును జనులు తఱచుగా మఱతురు. గడ్డపోతారము వంటి పారిశ్రామిక గ్రామమున తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చువారిలో తెలుగువారేగాక ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల నుండి కర్మాగారములలో పనికై వచ్చిన కుటుంబములవారును ఉందురు. ఒకరికి అన్నము అలవాటు, మఱియొకరికి రొట్టె అలవాటు. దుంపలను వర్జించు జైనులు మొదలగువారు తప్ప ఆలుగడ్డను కాదనువారు అరుదు. కావున దానిని పాలతోను చీజుతోను కలిపి కాల్చి వడ్డించు వంటకమును గూర్చి ఇచ్చట వివరింప బూనితిమి.

పాశ్చాత్యులు ఇట్టి వంటకమును క్యాసరోల్ అందురు. మన యిండ్లలో ఈ పేరు రొట్టెలను వేడిగా ఉంచు మూతడబ్బాకు చెల్లినది. ఫ్రెంచి భాషలో ఇది వంటపాత్ర పేరు. ఏ పాత్రలో కాల్చిరో ఆ పాత్రతోనే బల్లపై నుంచి వడ్డించుటచే వంటకమునకును ఆ పేరే వచ్చినది. అమెరికాలోని యూటా రాష్ట్రమున దీనిని ‘అంత్యక్రియల ఆలుగడ్డలు’ అని పిలుచుట కలదు. ఏలయన, దుఃఖములో నున్న యింటికి పొరుగువారు దీనిని వండి తెచ్చెదరు. 2002వ సంవత్సరమున ఆ రాష్ట్రపు సాల్ట్ లేక్ నగరములో శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు ఈ వంటకపు బొమ్మగల జ్ఞాపకపు బిళ్లలు సైతము వెలువడినవి. చావు జరిగిన యింట పొయ్యి వెలిగింపక యుండగా, ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చు ఆచారము మన పల్లెలలోను కలదు గదా!

ఆలుగడ్డ జన్మస్థానము దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతము. 16వ శతాబ్దమున అది ఐరోపాకు వచ్చినది. మన సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు ప్రాంతము ఈ పంటకు ప్రసిద్ధి. అచ్చట యాసంగిలో, అనగా అక్టోబరు, నవంబరు నెలలలో నాటి, జనవరి, ఫిబ్రవరులలో త్రవ్వుదురు. క్రొత్తగా త్రవ్విన దుంపలో నీరు ఎక్కువ, పిండి తక్కువ; ఉడికినను ముక్క చెదరదు. కావున ఈ వంటకమునకు అది మిక్కిలి అనుకూలము.

దుంపలను ఏరునప్పుడు పచ్చబడినవానిని, మొలకలెత్తినవానిని తీసివేయవలెను. వెలుతురు తగిలిన దుంప పచ్చబడును; దానితోపాటు సోలనిన్ అను చేదు విషము అందు పెరుగును. ఉడికించినను అది పోదు. 1969లో లండను నగరమున ఒక పాఠశాలలో, సెలవులకు ముందు మిగిలిన సంచిలోని దుంపలను తిని 78 మంది బాలురు వ్యాధిగ్రస్తులైరి. వారందఱును కోలుకొనిరి, కాని ఒక్క సంచి ఎందఱను మంచము పట్టించెనో చూడుడు. కావున దుంపలను చీకటిగా, గాలి తగులుచోట నుంచి, అవసరమునకు తగినంతయే కొనుట మేలు.

నీటి విషయమున మన ప్రాంతమువారు మఱింత జాగరూకులై యుండవలెను. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు పారిశ్రామిక కాలుష్యమును గూర్చి 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. నీటిని కాచిన సూక్ష్మజీవులు చచ్చును గాని, అందు కరగియున్న లోహములును లవణములును పోవు. నీరు ఆవిరియైన కొలది అవి చిక్కబడును. కావున దుంపలను ఉడికించుటకు బోరునీటిని వాడక, త్రాగుటకై సరఫరా అగు నీటినే వాడవలెను. ‘ఎట్లును ఉడుకుచున్నది గదా’ యని తలంచుట పొరపాటు.

ఇక చీజు సంగతి. ఇది మన జున్ను కాదు. జున్ను క్రొత్తగా ఈనిన పశువు పాలతో చేయబడును. చీజు చేయుటకు మామూలు పాలను ఒక ఎంజైముతో విఱిచి, నీటిని వడగట్టి, ఉప్పు చేర్చి మాగనిత్తురు. మాగిన చీజును వేడిచేసిన నెయ్యి వేఱుపడి, మిగిలినది సాగి ముద్దయగును. 1911లో స్విట్జర్లాండు దేశమున గెర్బరు, స్టెట్లరు అనువారు కొన్ని లవణములను చేర్చి, ఈ దోషము లేకుండ కరగు చీజును చేసిరి. అంగళ్లలో ‘ప్రాసెస్డ్’ అని దొరకునది ఇదియే. పాలను విఱుచు ఎంజైము కొన్నిచోట్ల దూడ కడుపు నుండి తీయబడును. కావున శాకాహారులు వచ్చు విందునకు పొట్లముపై ఆకుపచ్చ చుక్క గలదానినే కొనవలెను. ఇది అతిథుల నమ్మకమునకు సంబంధించిన విషయము.

ఏబదిమందికి వలయు సామగ్రి యిది: ఆలుగడ్డలు 8 కిలోలు, పాలు 4 లీటర్లు, చీజు 1 కిలో, ఉల్లిగడ్డలు 1 కిలో, వెన్న 300 గ్రాములు, మైదా 300 గ్రాములు, మిరియాల పొడి 20 గ్రాములు, ఎండిన రొట్టె పొడి కొంచెము. చీజులోను ఉప్పు ఉండును గనుక, మొదట 60 గ్రాముల ఉప్పు మాత్రము వేసి, రుచి చూచి తక్కినది చేర్చవలెను.

దుంపలను బాగుగా కడిగి, తొక్కతోనే చల్లని నీటిలో వేసి పొయ్యిపై నుంచవలెను. మరుగు నీటిలో వేసినచో పైభాగము చితికిపోవును, లోపల పచ్చిగా నుండును. కత్తి కొంచెము బిగువుగా దిగునప్పుడు తీసి, తొక్క ఒలిచి, వ్రేలి మందమున ముక్కలు కోయవలెను. వేఱొక గిన్నెలో వెన్న కరగించి, ఉల్లి ముక్కలను మెత్తబడువఱకు వేచి, మైదా చల్లి రెండు నిమిషములు కలియబెట్టవలెను. వెన్న పిండి రేణువులను విడదీయును గనుక ఉండలు కట్టవు. పిమ్మట పాలను కొంచెము కొంచెముగా పోయుచు, చిక్కబడి కుతకుత ఉడుకువఱకు కలుపవలెను. గిన్నెను దింపిన తరువాతనే తురిమిన చీజులో మూడు పాళ్లు, ఉప్పు, మిరియాలు చేర్చవలెను. మంటపై మరిగించిన చీజు గట్టిపడును. దుంప ముక్కలను దీనిలో కలిపి, రెండు అంగుళముల లోతుగల ఐదు పళ్లెములలో పఱచి, మిగిలిన చీజును, రొట్టె పొడిని చల్లి, 180 డిగ్రీల వేడిలో సుమారు 40 నిమిషములు, అంచులు బుడగలెత్తి పైభాగము ఎఱ్ఱబడువఱకు కాల్చవలెను.

భట్టీ లేనివారు నిరుత్సాహపడనక్కఱలేదు. బిర్యానీని దమ్ముపై నుంచువారు మూతపై నిప్పులు పోయుట మనమెఱిగినదే. మందమైన అడుగుగల పాత్రను సన్నని సెగపై నుంచి, మూతపై కణకణలాడు బొగ్గులు పఱచినను పైభాగము ఎఱ్ఱబడును. ఈ పనిని ఆరుబయట చేయవలెను. మూసిన గదిలో బొగ్గుల నుండి వెలువడు విషవాయువు ప్రాణాంతకము.

మన సమావేశములకు అందఱును ఒక్క వేళకు రారు. ఉదయపు షిఫ్టు దిగినవారు ఒకప్పుడును, తక్కినవారు మఱియొకప్పుడును వత్తురు. అంతయు ఒక్కసారి వండి ఉంచినచో కడపట వచ్చినవారికి చల్లారినది మిగులును. పాలు, దుంపలు కలిసిన వంటకము చల్లారి నిలువయున్నచో సూక్ష్మజీవులకు నెలవగును. వండిన పదార్థమును 60 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచవలెననియు, బయట రెండు గంటలకంటె ఎక్కువ నిలువయుంచరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున మొదటి జట్టునకు మూడు పళ్లెములు చేసి, మిగిలిన రెంటికి వలయు దుంపలను రెండవ జట్టు వచ్చుటకు గంటన్నర ముందు ఉడికింప నారంభించుట ఉత్తమము.

2015లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఒక చర్చి విందులో, ఇంట సరిగా డబ్బీకట్టని ఆలుగడ్డలతో చేసిన సలాదును తిని 29 మంది బొట్యులిజము అను విషవ్యాధికి గుఱియైరి, ఒకరు మరణించిరి. వండినవారు ప్రేమతోనే వండి యుందురు. కాని ప్రేమకు తోడు తెలివియు కావలెను.

విద్యార్థులారా! రాబోవు సమావేశమున వంటపని కొంత మీ చేతికి వచ్చును. చేతులు సబ్బుతో కడుగుకొనుట, పచ్చబడిన దుంపను ఏరివేయుట, పళ్లెము దించిన వేళను కాగితముపై వ్రాసియుంచుట చిన్న పనులుగా తోచవచ్చును. రాత్రి షిఫ్టు ముగించి, నిద్రమాని, బిడ్డ చదువును విచారింపవచ్చిన తండ్రికి వేడిగా, నిర్భయముగా తినదగిన ఒక్క గరిటెడు భోజనము దొరకుట మాత్రము చిన్న సంగతి కాదు.