మీ బ్లడ్ శాంపిల్ ల్యాబ్‌కి చేరేలోపు ఏం జరుగుతుంది?

పొద్దున బ్లడ్ టెస్ట్‌కి ఇచ్చాం, సాయంత్రానికి ఫోన్‌కి పీడీఎఫ్ వచ్చేసింది. ఓపెన్ చేయగానే మన కళ్ళు ఎక్కడికి వెళ్తాయి? బోల్డ్‌లో ఉన్న అంకెల మీదకి. ఎక్కువుందా, తక్కువుందా, అంతే చూస్తాం. మెషీన్ ఇచ్చింది కాబట్టి కరెక్టే అనుకుంటాం. కానీ మెషీన్ తన ముందుకి వచ్చిన శాంపిల్‌ని మాత్రమే కొలుస్తుంది. ఆ శాంపిల్ దారిలో పాడైతే, పాడైన దానికి కూడా ఒక అంకె ఇచ్చేస్తుంది.

నేను ఖమ్మంలో ఒక కలెక్షన్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మేము తీసిన శాంపిల్స్‌లో చాలావరకు సాయంత్రం బండికి హైదరాబాద్ వెళ్తాయి, దాదాపు 200 కిలోమీటర్లు. మీ చేతి నుంచి ఆ మెషీన్ దాకా రక్తం చేసే ప్రయాణం ఎలా ఉంటుందో, అందులో మీరు ఏం గమనించాలో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ట్యూబ్‌లోకి వచ్చాక కూడా రక్తం ఊరికే ఉండదు. అందులో కణాలు ఇంకా బతికే ఉంటాయి, రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. వేరు చేయకుండా అలాగే వదిలేస్తే, మామూలు గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తగ్గిపోతుంది. లెక్క వేద్దాం. పరగడుపున ఒకాయన షుగర్ 130 ఉంది. 126 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే డయాబెటిస్ కింద లెక్క, ఇంకోసారి టెస్ట్ చేసి ఖాయం చేస్తారు. ఆ ట్యూబ్ 3 గంటలు బ్యాగులోనే ఉండిపోతే రిపోర్ట్‌లో 110కి దగ్గరగా వస్తుంది. "హమ్మయ్య, షుగర్ లేదు" అని ఆయన ఇంటికెళ్ళిపోతాడు. ఉన్న జబ్బు బయటపడదు. చూశారా, మెషీన్ తప్పేమీ లేదు ఇక్కడ.

అందుకే రకరకాల రంగు మూతల ట్యూబులు. బూడిద రంగు మూత షుగర్‌కి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, కణాలు గ్లూకోజ్ తినకుండా ఆపుతుంది. అయితే అది పూర్తిగా పనిచేయడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి, ఆ ట్యూబ్ ఉన్నా ఆలస్యం మంచిది కాదు. ఊదా రంగు మూత సీబీపీకి, హెచ్‌బీఏ1సీకి. అందులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టనివ్వదు. ఎరుపు లేదా పసుపు మూత ట్యూబుల్లో రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేలే సీరంతో కిడ్నీ, లివర్, థైరాయిడ్ లాంటి టెస్టులు చేస్తారు. లేత నీలం మూత రక్తం గడ్డకట్టే టైం చూసే పీటీ ఐఎన్ఆర్‌కి. ఇందులో 9 వంతుల రక్తానికి 1 వంతు మందు ఉండాలి. రక్తం తక్కువ పోస్తే ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపించొచ్చు. గుండె వాల్వ్ మార్చుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకి, ఆ అంకెని నమ్మి డోసు తగ్గిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నింపే వరుస కూడా ముఖ్యమే. మామూలుగా ముందు నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, తర్వాత ఊదా, చివర బూడిద. ఎందుకంటే ఈడీటీఏ మందులోనే పొటాషియం ఉంటుంది, పైగా అది కాల్షియంని పట్టేసుకుంటుంది. ఊదా ట్యూబ్‌లోది కొంచెం ఎర్ర ట్యూబ్‌లో కలిసినా పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ అని రిపోర్ట్ వస్తుంది. ట్యూబ్ నిండాక మేము దాన్ని మెల్లగా తిరగేస్తాం, ఊదా అయితే 8 నుంచి 10 సార్లు. గట్టిగా ఊపకూడదు, ఊపితే ఎర్రకణాలు పగిలిపోతాయి.

పగిలితే ఏమవుతుంది? దీన్నే హీమోలైసిస్ అంటారు. కణాల లోపల పొటాషియం బయటికన్నా 20 రెట్లకు పైగా ఉంటుంది. కణాలు పగలగానే అదంతా బయటికొచ్చేస్తుంది. పొటాషియం నిజంగా ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ఆ అంకె చూసిన డాక్టర్ వెంటనే ఈసీజీ అంటారు, అడ్మిట్ అవ్వమంటారు. తీరా మళ్ళీ రక్తం తీసి చూస్తే నార్మల్. ఆ రాత్రి ఇంట్లో వాళ్ళ పరిస్థితి ఏంటి చెప్పండి!

చేతికి కట్టే పట్టీ నిమిషానికి మించి ఉండకూడదు. "పిడికిలి బిగించి వదలండి, బిగించి వదలండి" అని అదే పనిగా చేయించడం కూడా కరెక్ట్ కాదు, దానివల్ల కూడా పొటాషియం పెరుగుతుంది.

ఇప్పుడు ప్రాసెసింగ్. సీరం ట్యూబ్‌ని ఒక అరగంట నిలబెట్టి ఉంచుతాం, రక్తం పూర్తిగా గడ్డకట్టాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పుతాం. కణాలు కిందికి, సీరం పైకి వస్తుంది, పసుపు మూత ట్యూబ్ అయితే మధ్యలో జెల్ అడ్డుగోడలా నిలబడుతుంది. ఇక కింద కణాలు ఏం చేసినా పై సీరంకి సంబంధం లేదు. దూరం వెళ్ళే శాంపిల్‌కి ఈ పని ఇక్కడే అవ్వాలి.

"అంత ఎందుకు, ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. తిప్పకుండా చల్లగా పెడితే, పొటాషియంని కణం లోపల ఆపే పంపు చల్లదనానికి మందగిస్తుంది, పొటాషియం బయటికి కారుతుంది. ఎండలో పెడితే ఒక రకం తప్పు, ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రకం తప్పు అన్నమాట. ముందు వేరు చేయాలి, తర్వాత చల్లబరచాలి.

ప్యాకింగ్‌కి మూడు పొరలు. మొదటిది ట్యూబ్. రెండోది లీక్ కాని కవర్ లేదా డబ్బా, ట్యూబ్ పగిలినా పీల్చుకునేలా లోపల దూది లాంటిది పెడతారు. మూడోది బయటి గట్టి బాక్స్. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాల్సిన వాటికి జెల్ ప్యాకులు పెడతాం, కానీ ట్యూబ్‌కి నేరుగా తగలనివ్వం. విమానంలో వెళ్ళే బాక్స్ మీద వజ్రం ఆకారపు గుర్తులో యూఎన్ 3373 అని ఉంటుంది. మామూలు టెస్టుల శాంపిల్స్ ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. కొన్ని స్పెషల్ టెస్టులకి వేరు చేసిన సీరంని డ్రై ఐస్‌లో పంపుతారు. అది మైనస్ 78 డిగ్రీలు, కరిగి నీరవ్వదు, గ్యాస్ అవుతుంది. అందుకే ఆ బాక్స్‌ని గాలి పోకుండా మూసేయకూడదు, పేలే ప్రమాదం ఉంది.

సరే, ఇందులో మీ చేతిలో ఏముంది? చాలానే ఉంది.

ఒకటి, సూది తీశాక ట్యూబ్ మీద మీ పేరు, వయసు మీ ముందే రాయమనండి లేదా స్టిక్కర్ అంటించమనండి. "తర్వాత రాస్తాం" అంటే ఒప్పుకోవద్దు. ఒకే ఇంట్లో నలుగురికి తీసినప్పుడు ఇది మరీ ముఖ్యం.

రెండు, పరగడుపు అంటే కనీసం 8 గంటలు. మంచినీళ్ళు తాగొచ్చు, తాగితే నరం కూడా బాగా దొరుకుతుంది. టీ, కాఫీ మాత్రం వద్దు.

మూడు, జుట్టు రాలుతోందని బయోటిన్ గమ్మీలు, మాత్రలు వాడుతున్నారా? ముందే చెప్పండి. కొన్ని మెషీన్లలో అది థైరాయిడ్ రిపోర్ట్‌ని తారుమారు చేస్తుంది. లేని థైరాయిడ్ ఉన్నట్టు చూపించొచ్చు.

నాలుగు, హోమ్ కలెక్షన్‌కి వచ్చిన తమ్ముడిని "అన్నా, ఇంకా ఎన్ని ఇళ్ళు ఉన్నాయి? ల్యాబ్‌కి ఎప్పుడు చేరుతుంది?" అని మర్యాదగా అడగండి. తప్పేం లేదు.

ఐదు, చాలా రిపోర్టుల్లో పైన రక్తం తీసిన టైం, ల్యాబ్‌కి చేరిన టైం వేరువేరుగా ఉంటాయి. ఈసారి ఆ రెండూ చూడండి. మధ్యలో తేడా బాగా ఎక్కువుండి, మీ ఒంట్లో ఏ లక్షణమూ లేకుండా షుగరో పొటాషియమో వింతగా వస్తే, గూగుల్ చేయకుండా డాక్టర్‌కి ఆ టైంలు చూపించి మళ్ళీ టెస్ట్ చేయించాలా అని అడగండి. అలాగని పొటాషియం ఎక్కువ వస్తే "శాంపిల్ పాడై ఉంటుందిలే" అని వదిలేయొద్దు, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి.

ఆఖరిగా ఒక మాట. "మీ శాంపిల్ సరిగ్గా లేదు, మళ్ళీ రక్తం కావాలి" అని మేము ఫోన్ చేస్తే చాలామంది తిడతారు. ఇంకోసారి సూది అంటే ఎవరికైనా కోపమే, అర్థం చేసుకోగలను. కానీ పాడైన శాంపిల్‌ని పక్కన పెట్టడం ల్యాబ్ చేసే మంచి పనుల్లో ఒకటి. పాడైన దాన్ని కూడా మెషీన్‌లో పెట్టి రిపోర్ట్ పంపేస్తే మీకు తెలియను కూడా తెలియదు. ఆ ఫోన్ వచ్చిందంటే అటువైపు ఎవరో మీ ట్యూబ్‌ని కళ్ళతో చూశారని అర్థం.

ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ఈ వీడియో చూపించండి. మీ రిపోర్ట్‌లో ఆ రెండు టైంలకి మధ్య ఎన్ని గంటలు ఉన్నాయో కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం. నమస్తే.